ఉమ్మడి ఆకాశం: ఫ్లైట్ సిమ్యులేటర్‌కు విమాన రాకపోకల దత్తాంశనిధి నిర్మాణం - హైదరాబాదు ఉదాహరణగా

వ్యాససంగ్రహం:

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో తోటి విమానాలు కనిపించాలంటే వాటి రాకపోకల వివరాలు ఒక దత్తాంశనిధిలో ముందుగా చేరి ఉండాలి. ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉన్న ఔత్సాహికులు కలిసి ఇటువంటి నిధిని నిర్మించేటప్పుడు సాంకేతిక సమస్యల కంటే పేర్లకు, కాలగణనకు, ఆధారాల ప్రామాణికతకు సంబంధించిన సమస్యలే ఎక్కువగా ఎదురవుతాయి. ఇవి తెలుగు పరిశోధకులకు నిఘంటు నిర్మాణంలోను, పాఠపరిష్కరణలోను పరిచయమైన సమస్యలే. హైదరాబాదులోని బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలను ఉదాహరణగా తీసుకొని ఈ నిర్మాణ విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫ్లైట్ సిమ్యులేటర్, దత్తాంశనిధి, సంకేతనామాలు, కాలగణన, పాఠాంతరం, బేగంపేట, శంషాబాద్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు ఆగ్నేయంగా ఉన్న సంతోష్‌నగర్ నుండి బేగంపేట విమానాశ్రయం వాయవ్యాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలోను, శంషాబాద్ విమానాశ్రయం నైరుతిన సుమారు 15 కిలోమీటర్ల దూరంలోను ఉంటాయి. ఇది సరళరేఖలో కొలిచిన దూరం. ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాటి రోడ్డు మీద పోయేవారి లెక్క వేరు. 2008 మార్చి 22 వరకు ఈ ప్రాంతం వారికి విమానాశ్రయమంటే ఉత్తరాన ఉన్న బేగంపేట. ఆ మరునాటి నుండి అది దక్షిణాన ఉన్న శంషాబాద్. ఊరు మారలేదు, ఆకాశమూ మారలేదు. విమానాలు దిగే దిక్కు మాత్రం మారింది.

ఈ మార్పు కంప్యూటర్‌లోని హైదరాబాదుకు వెంటనే తెలియలేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003లో, 2006లో విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్లలో శంషాబాద్ విమానాశ్రయం లేదు. అప్పటికి అది పూర్తి కాలేదు కాబట్టి అది దోషం కాదు. అయితే ఆ సిమ్యులేటర్లను వాడేవారు 2008 తరువాత కూడా ఏళ్ల తరబడి వాటినే వాడుతూ వచ్చారు. వారి తెర మీద శంషాబాద్ ఖాళీ నేల, బేగంపేట రద్దీ విమానాశ్రయం. ఆ తేడాను సరిదిద్దే పని తయారీ సంస్థలది కాకపోయింది. వాడుకరులే ఆ పనిని పంచుకున్నారు. సిమ్యులేటర్ లోకంలో ఉమ్మడి దత్తాంశనిధుల అవసరం ఇటువంటి చోట్లనే పుట్టింది.

2. నిర్జనమైన ఆకాశం

ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే విమానం నడిపే అనుభవాన్ని కంప్యూటర్ మీద అనుకరించే సాధనం. అందులో వాడుకరి నడిపే విమానం ఒక్కటే ఉంటే అనుకరణ సగమే అవుతుంది. రన్‌వే ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. దిగడానికి వరుసలో వేచి ఉండే పని ఉండదు. కంట్రోలర్‌తో మాట్లాడే అవసరమూ రాదు. రంగస్థలం మీద ప్రధాన పాత్రధారి ఒక్కడే నిలబడి తక్కిన పాత్రల సంభాషణలను కూడా తానే ఊహించుకున్నట్లు ఉంటుంది.

ఈ లోటు తీర్చే మార్గాలు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, మనుషులనే తెచ్చి కూర్చోబెట్టడం. వాట్సిమ్, ఐవావో వంటి అంతర్జాల బృందాలలో పైలట్లు, కంట్రోలర్లు అందరూ నిజమైన మనుషులే. కానీ హైదరాబాదు మీద ఒక మంగళవారం మధ్యాహ్నం ఇరవై మంది ఒకేసారి చేరడం అరుదు. రెండవది, నిజంగా ఎగురుతున్న విమానాల సమాచారాన్ని అప్పటికప్పుడు తెరకు ఎక్కించడం. 2020 ఆగస్టులో విడుదలైన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఫ్లైట్‌అవేర్ అనే సంస్థ సమాచారంతో ఈ పని చేసింది. దీనికి అంతర్జాలం నిరంతరంగా ఉండాలి. పైగా నిన్నటి ఆకాశం కావాలంటే, పదేళ్ల కిందటి ఆకాశం కావాలంటే ఈ మార్గం ఉపయోగపడదు. మూడవది, కాలపట్టికల ఆధారంగా విమానాల రాకపోకలను ముందే రాసిపెట్టి, సిమ్యులేటర్ గడియారాన్ని బట్టి వాటిని నడిపించడం. ఈ వ్యాసం ప్రధానంగా మూడవ మార్గానికి సంబంధించినది. నిర్మాణంలో మనిషి శ్రమ, మనిషి నిర్ణయం ఎక్కువగా ఉన్నది కూడా ఇందులోనే.

మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్లలో తయారీ సంస్థే కొంత రాకపోకలను అమర్చింది. కానీ అందులోని విమానయాన సంస్థలు కల్పితాలు. బేగంపేటలో దిగే విమానం మీద లోకంలో ఎక్కడా లేని పేరు, రంగులు ఉండేవి. నిజమైన పేరుతో, నిజమైన వేళకు విమానం దిగాలని కోరుకున్నవారు ఆ పట్టికలను తామే రాయడం మొదలుపెట్టారు.

3. ఒక నమోదు స్వరూపం

ఈ పట్టికల నిర్మాణం చూడడానికి సరళమైనది. ఆ సిమ్యులేటర్ల కోసం విస్తృతంగా వాడిన టీటూల్స్ అనే ఉపకరణం మూడు పాఠ్యఫైళ్లను కోరుతుంది. మొదటిదానిలో విమానాల జాబితా, వాటి వేగం ఉంటాయి. రెండవదానిలో విమానాశ్రయాల సంకేతనామాలు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుండి ఎత్తు ఉంటాయి. మూడవది ప్రయాణాల పట్టిక. ఇందులో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క విమానం జీవితం. అది ఏ రిజిస్ట్రేషన్ గలది, దాని ప్రయాణాలు రోజుకొకసారి ఆవృత్తమవుతాయా వారానికొకసారి ఆవృత్తమవుతాయా, ఏ రోజు ఏ వేళకు బయలుదేరుతుంది, ఎప్పుడు దిగుతుంది, ఎంత ఎత్తులో ఎగురుతుంది, సర్వీసు నంబరు ఎంత, గమ్యం ఏది అనే వివరాలు కామాలతో విడివడి ఒకే పంక్తిలో ఉంటాయి. వారంలోని రోజును 0 నుండి 6 వరకు అంకెలతో సూచిస్తారు.

ఇందులో ఒక ముఖ్య నియమం ఉంది. పంక్తి చివరి గమ్యం దాని తొలి బయలుదేరు స్థానమే కావాలి. ఒక ఏటీఆర్ విమానం ఉదయం హైదరాబాదులో బయలుదేరి విజయవాడకు, అక్కడి నుండి విశాఖపట్నానికి, మళ్లీ విజయవాడకు వెళ్లిందనుకుందాం. రాత్రికి అది హైదరాబాదు చేరితేనే పంక్తి పూర్తి అవుతుంది. చేరకపోతే మరునాటి ఉదయం అదే విమానం హైదరాబాదులో ఎలా ప్రత్యక్షమవుతుందో కంప్యూటర్‌కు అర్థం కాదు. ముక్తపదగ్రస్తం వంటి నియమమిది. ఒక పాదం విడిచిన పదాన్నే తరువాతి పాదం అందుకోవాలి.

కాలపట్టికలు ఈ రూపంలో దొరకవు. విమానయాన సంస్థ ప్రకటించేది సర్వీసులను, విమానాలను కాదు. ఉదయం 7 గంటల సర్వీసుకు ఏ విమానం వచ్చింది, అది తరువాత ఎటు పోయింది అన్నది ప్రయాణికుడికి అక్కరలేని సంగతి. పట్టిక రాసేవాడికి అదే ప్రధానం. అందువల్ల అతడు విడివిడి సర్వీసులను తీసుకొని, దిగిన వేళకు తరువాతి బయలుదేరే వేళకు మధ్య వ్యవధిని చూసుకుంటూ, ఒక విమానానికి సాధ్యమైన గొలుసును ఊహించి కూర్చాలి. అందుకే పట్టికలో ప్రతి పంక్తి కొంత వాస్తవం, కొంత ఊహ. ఈ రెండింటి సరిహద్దును గుర్తించి చెప్పని పట్టిక ఎంత పెద్దదైనా నమ్మదగినది కాదు.

విమానాశ్రయం వైపు కూడా ఒక షరతు ఉంది. విమానం నిలిచే స్థలం దాని రెక్కల వెడల్పుకు సరిపోయినంత ఉండాలి. సరిపోయే స్థలం సిమ్యులేటర్‌కు దొరక్కపోతే విమానం తెర మీదకు రాదు. పట్టికలో తప్పు లేకపోయినా ఫలితం శూన్యమే. కొత్తగా చేరినవారు ఇక్కడే ఎక్కువ కాలం తికమక పడతారు.

4. ఒకే పేరు, రెండు చోట్లు

విమానాశ్రయాలకు రెండు రకాల సంకేతనామాలున్నాయి. టికెట్ల మీద, సామాను చీటీల మీద కనిపించే మూడక్షరాల పేరు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఇచ్చినది. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల పేరు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతిలోనిది. రెండవదానిలో ఒక వ్యాకరణం ఉంది. భారతదేశంలో తొలి అక్షరం ‘వీ’. రెండవ అక్షరం ప్రాంతాన్ని చెబుతుంది. ఉత్తరానికి ‘ఐ’, పడమరకు ‘ఏ’, తూర్పుకు ‘ఈ’, దక్షిణానికి ‘ఓ’. బేగంపేట ‘వీఓహెచ్‌వై’, శంషాబాద్ ‘వీఓహెచ్ఎస్’, తిరుపతి ‘వీఓటీపీ’, రాజమహేంద్రవరం ‘వీఓఆర్‌వై’.

మూడక్షరాల పేరుకు ఈ నిలకడ లేదు. 2008 మార్చి 23న వాణిజ్య విమానాలు శంషాబాద్‌కు మారినప్పుడు ‘హెచ్‌వైడీ’ అనే పేరు కూడా వాటితో పాటు వెళ్లిపోయింది. బేగంపేటకు ‘బీపీఎం’ అనే మరో పేరు వచ్చింది. ప్రయాణికుల దృష్టిలో ఇది సహజమే. వారికి కావలసింది హైదరాబాదు చేరడం, ఏ రన్‌వే మీద దిగామన్నది కాదు. పేరు ఊరిని అంటిపెట్టుకుంది, నేలను కాదు. దత్తాంశనిధికి మాత్రం ఇది ప్రమాదకరం. 2007 నాటి కాలపట్టికను, 2009 నాటి కాలపట్టికను ఇద్దరు వేర్వేరు వ్యక్తులు ‘హెచ్‌వైడీ’ అన్న పేరుతోనే ఉమ్మడి నిధిలో చేర్చారనుకుంటే, రెండూ ఒకే చోటికి పోతాయి. అప్పుడు బేగంపేటలో 2009 నాటి విమానాలు దిగుతాయి, లేదా నిర్మాణంలో ఉన్న శంషాబాద్‌లో 2007 నాటివి దిగుతాయి. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. అక్షరాలు సరిగానే ఉన్నాయి కదా.

బెంగుళూరులోనూ అదే ఏడాది మే 24న ఇదే జరిగింది. పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం నాలుగక్షరాల పేరు ‘వీఓబీజీ’, దేవనహళ్లి వద్ద కొత్తదాని పేరు ‘వీఓబీఎల్’. కాబట్టి 2008లో దక్షిణ భారతదేశానికి సంబంధించిన పట్టికలు రాసేవారు రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు ఈ చిక్కును ఎదుర్కోవలసి వచ్చింది.

నిఘంటువులతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్త సమస్య కాదు. ఒకే రూపం రెండు అర్థాలను ఇస్తే నిఘంటుకర్త రెండు ఆరోపాలుగా విడదీస్తాడు. ఒకే అర్థానికి రెండు రూపాలుంటే ఒకదానిని ప్రధానంగా ఎంచి రెండవదాని వద్ద ‘చూడు’ అని సూచిస్తాడు. దత్తాంశనిధిలో ప్రధాన ఆరోపంగా ఎప్పుడూ నాలుగక్షరాల పేరునే ఉంచి, మూడక్షరాల పేరును తేదీలతో కూడిన పర్యాయంగా మాత్రమే ఉంచడం దీనికి తగిన పరిష్కారం. అంటే ‘హెచ్‌వైడీ’ అన్నది ఒంటరిగా చెల్లదు. ఫలానా తేదీ వరకు, ఫలానా తేదీ నుండి అన్న గుర్తు దానికి తోడు ఉండాలి.

విమానయాన సంస్థల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం ఆపేశాయి. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. నిధిలో ఈ సంస్థల పంక్తులను తొలగించాలా, ఉంచి ముగింపు తేదీ వేయాలా అన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. తొలగించినవారు ఇప్పటి ఆకాశాన్ని శుభ్రం చేస్తున్నామనుకుంటారు. కానీ అది చరిత్రను చెరిపివేయడమే. విమాన నమోదు చిహ్నమైన ‘వీటీ’ సంగతే చూడవచ్చు. బ్రిటిష్ కాలంలో భారతదేశానికి దక్కిన ఈ రెండక్షరాలను స్వాతంత్ర్యం తరువాత కూడా మన విమానాలు తోక దగ్గర మోస్తూనే ఉన్నాయి. ‘వైస్రాయ్ టెరిటరీ’ అన్న విస్తరణ జనశ్రుతిలో ప్రచారంలో ఉంది. ఇటువంటి జనవ్యుత్పత్తులు పుట్టేది పేర్ల చరిత్రను ఎవరూ నమోదు చేయని చోటనే.

5. రాత్రి మూడు గంటలకు ఏ వారం?

పేర్ల తరువాత ఎక్కువ తప్పులు దొర్లేది కాలం దగ్గర. పట్టికలన్నీ సమన్వయ విశ్వకాలంలో ఉండాలి. భారత కాలమానం దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఈ అరగంటే మొదటి చిక్కు. కాలమాన భేదాలను పూర్తి గంటలుగానే ఊహించుకొని రాసిన ప్రోగ్రాం ఏదైనా భారతీయ విమానాలన్నింటినీ అరగంట ముందుకో వెనకకో నెడుతుంది.

రెండవ చిక్కు వారానిది. హైదరాబాదు నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలలో అనేకం అర్ధరాత్రి దాటిన తరువాత, తెల్లవారకముందు బయలుదేరుతాయి. పాతబస్తీలో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి అరుదు. సంతోష్‌నగర్‌లో రాత్రి రెండు గంటలకు వీధిలో కారు ఆగి, సామాను ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తే ఎవరో జెద్దాకో దుబాయికో బయలుదేరుతున్నారని ఇరుగుపొరుగుకు చెప్పనక్కరలేదు. దత్తాంశనిధికి మాత్రం ఆ ప్రయాణం ఏ వారం నాటిదో చెప్పాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక విమానం సోమవారం తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు శంషాబాద్ నుండి జెద్దాకు బయలుదేరుతుంది. ప్రయాణ కాలం 5 గంటల 40 నిమిషాలు. విశ్వకాలం ప్రకారం అది బయలుదేరేది ఆదివారం 21 గంటల 40 నిమిషాలకు. దిగేది సోమవారం 3 గంటల 20 నిమిషాలకు. జెద్దా గడియారం విశ్వకాలం కంటే మూడు గంటలు ముందు కాబట్టి అక్కడ అప్పుడు ఉదయం 6 గంటల 20 నిమిషాలు. టికెట్ మీద ఈ రెండు స్థానిక వేళలే ఉంటాయి. వాటిని నేరుగా తీసివేస్తే ప్రయాణం 3 గంటల 10 నిమిషాలే అనిపిస్తుంది. ఆ లెక్కతో పట్టిక రాస్తే సిమ్యులేటర్‌లోని విమానం అసాధ్యమైన వేగంతో అరేబియా సముద్రం దాటవలసి వస్తుంది.

ఇంతకంటే సూక్ష్మమైన తప్పు మరొకటి ఉంది. వేళను సరిగా మార్చి, వారాన్ని మార్చడం మరచిపోవడం. 21 గంటల 40 నిమిషాలు అని సరిగానే రాసి, దాని పక్కన సోమవారం అంకెనే ఉంచితే విమానం సరిగ్గా ఒక రోజు ఆలస్యంగా బయలుదేరుతుంది. ఆ సర్వీసు రోజూ ఉన్నదైతే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. ఏడు రోజులూ ఒక రోజు పక్కకు జరిగినా మళ్లీ ఏడు రోజులే కదా. వారానికి మూడు రోజులు మాత్రమే ఉన్న సర్వీసులోనే అది దొరికిపోతుంది. కాబట్టి ఉమ్మడి నిధిని పరిశీలించేవారు పెద్ద సర్వీసులను కాక, వారానికి రెండు మూడు సార్లు మాత్రమే నడిచే చిన్న సర్వీసులను ముందు చూడడం మంచిది. అపూర్వ ప్రయోగాల దగ్గరే లేఖకుడి జ్ఞానం తేలుతుందన్న పాఠపరిష్కర్తల అనుభవం ఇక్కడా నిజమవుతోంది.

కాలపట్టికలకు రుతువులు కూడా రెండు. వేసవి పట్టిక మార్చి చివరి ఆదివారం, శీతకాల పట్టిక అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. భారతదేశంలో గడియారాలు ముందుకు వెనుకకు జరిపే ఆచారం లేదు, గల్ఫ్‌లోనూ లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాల వేళలు మాత్రం ఆ ఆదివారాలలో మారిపోతుంటాయి. ఏ రుతువు పట్టిక నుండి తీసుకున్నదో రాయని పంక్తి ఆరు నెలల్లో పాతబడుతుంది, పాతబడిందన్న సంగతి కూడా తెలియనివ్వదు.

6. డాబా మీద యాంటెన్నా

పట్టికలో చెప్పినట్లే విమానాలు ఎగురుతున్నాయా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం ఆకాశం నుండే దొరుకుతుంది. నేటి వాణిజ్య విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని తామే 1090 మెగాహెర్ట్జ్ తరంగం మీద నిరంతరంగా ప్రకటిస్తుంటాయి. ఈ పద్ధతికి ఏడీఎస్-బి అని పేరు. ఆ ప్రకటనలో ప్రతి విమానానికి 24 బిట్ల ప్రత్యేక గుర్తింపు ఉంటుంది. ఇందులో భారతదేశానికి కేటాయించిన గుర్తింపులు 2,62,144. విదేశాలలో ఔత్సాహికులు చిన్న రిసీవర్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఈ ప్రకటనలను సేకరిస్తున్నారు. ఓపెన్‌స్కై నెట్‌వర్క్ వంటివి ఇటువంటి సేకరణలను కలిపి పరిశోధకులకు అందిస్తున్నాయి. ఏ దేశంలోనైనా రేడియో పరికరాల వాడకానికి అక్కడి చట్టం విధించే అనుమతులుంటాయి. వాటిని తెలుసుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు.

సంతోష్‌నగర్‌లో 15 మీటర్ల ఎత్తు ఉన్న ఒక డాబాను ఊహిస్తే, 10,000 మీటర్ల ఎత్తున ఎగిరే విమానం సిద్ధాంతరీత్యా 400 కిలోమీటర్లకు పైగా దూరం నుండి కూడా ఆ యాంటెన్నాకు వినిపించాలి. అంటే విజయవాడ దాటిన విమానాలు సైతం అందుతాయి. అదే శంషాబాద్ రన్‌వే మీద నిలిచిన విమానం 15 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా వినిపించకపోవచ్చు. భూమి వంపు కంటే ముందు మధ్యలోని ఇళ్లే అడ్డు. దూరపువి తెలుస్తాయి, దగ్గరివి దాగుతాయి. మూడు డిగ్రీల వాలులో దిగే విమానం రన్‌వేకు 15 కిలోమీటర్ల దూరంలో నేల నుండి దాదాపు 790 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంతవరకు వినిపించి, ఆ తరువాత క్రమంగా మాయమవుతుంది.

వినిపించినదంతా పట్టికలో చేర్చదగినది కాదు. విమానం తన గమ్యాన్ని ప్రకటించదు. అది ప్రకటించే పిలుపు పేరు టికెట్ మీది సర్వీసు నంబరుతో కలవాలన్న నియమమూ లేదు. పోలికగల నంబర్లు రేడియోలో అయోమయం కలిగిస్తాయని సంస్థలు అంకెలు, అక్షరాలు కలిపిన పిలుపు పేర్లను వాడుతుంటాయి. పైగా అది ప్రకటించే ఎత్తు ప్రామాణిక వాయుపీడనాన్ని బట్టి లెక్కకట్టినది. 617 మీటర్ల ఎత్తున ఉన్న శంషాబాద్ నేల నుండి కొలిచినది కాదు.

కాబట్టి ఇక్కడ రెండు ఆధారాలున్నాయి. కాలపట్టిక చెప్పేది సంకల్పం. ఆకాశం చెప్పేది ఆనాటి ఆచరణ. వర్షం వల్ల రెండు గంటలు ఆలస్యమైన విమానాన్ని ఒక్క రోజు పరిశీలనతో పట్టికలో సరిదిద్దితే ఆ ఆలస్యం శాశ్వతమైపోతుంది. పలు వారాల పరిశీలనలో నిలిచినదే మార్పు. తాళపత్రంలో ఒక్క ప్రతిలో కనిపించిన పాఠాన్ని లేఖక దోషమా, పాఠాంతరమా అని తేల్చుకోవడానికి మరి కొన్ని ప్రతులను చూడక తప్పదు. సి.పి. బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులను సేకరింపజేసి సరిచూపించిన పద్ధతికి ఉన్న విలువ ఇదే. శుద్ధ ప్రతిని సిద్ధం చేయించినా, ఆధార ప్రతులను ఆయన పారవేయలేదు. ఉమ్మడి దత్తాంశనిధులు చాలావాటిలో లోపించినది ఈ రెండవ అలవాటే. సరిదిద్దిన పంక్తి మిగులుతుంది, ఎందుకు సరిదిద్దారో మిగలదు.

7. ఉమ్మడి అన్న మాటకు అర్థం

పంచుకోవడం, ఉమ్మడిగా ఉంచడం ఒకటి కాదు. ఒకరు తయారు చేసిన పట్టికను పదిమంది దింపుకొని వాడుకుంటే అది పంచుకోవడం. పదిమందిలో ఎవరైనా సరిదిద్దగలిగి, ఆ సవరణ తక్కినవారికి చేరితేనే అది ఉమ్మడి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ల చుట్టూ చాలాకాలం జరిగింది మొదటిది. పాఠ్యఫైళ్లను యంత్రం చదివే రూపంలోకి మార్చి ఇచ్చేవారు. ఆ రూపాన్ని తిరిగి విప్పితే తప్ప ఎవరూ ఒక పంక్తిని మార్చలేరు. పట్టిక రాసినవారు విరమించుకుంటే ఆ సంస్థ విమానాలు ఆ ఏటి వేళలకే ఎగురుతూ ఉండిపోయేవి.

1990ల చివరి భాగంలో రూపుదిద్దుకున్న ఫ్లైట్‌గేర్ అనే స్వేచ్ఛా సిమ్యులేటర్ రెండవ మార్గం పట్టింది. అందులో రాకపోకల పట్టికలు ఎవరైనా తెరిచి చదవగల ఎక్స్ఎంఎల్ పాఠ్యరూపంలో, ఒక్కొక్క విమానయాన సంస్థకు ఒక్కొక్క ఫైలుగా ఉంటాయి. ఈ విభజనలో వివేకం ఉంది. ఒకరు ఎయిర్ ఇండియా పట్టికను సవరిస్తున్నప్పుడు మరొకరు ఇండిగో పట్టికను సవరించవచ్చు, ఒకరి పని మరొకరి పనికి అడ్డురాదు. విమానాశ్రయాల వివరాల విషయంలో అంతకుముందే ఒక మంచి పూర్వరంగం ఉంది. రాబిన్ పీల్ నిర్వహించిన విమానాశ్రయాల దత్తాంశాన్ని ఎక్స్-ప్లేన్ అనే వాణిజ్య సిమ్యులేటర్, ఫ్లైట్‌గేర్ అనే స్వేచ్ఛా సిమ్యులేటర్ రెండూ వాడుకున్నాయి. ప్రజా లైసెన్సు కింద ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

లైసెన్సు మాట వచ్చినప్పుడు చాలామంది దానిని చివరి పేజీలో చేర్చే లాంఛనంగా చూస్తారు. వాస్తవానికి అది మొదటి పంక్తి రాయకముందే తేలవలసిన విషయం. విమానాల కదలికలను చూపే వాణిజ్య సంస్థల తెరల నుండి సమాచారాన్ని మూకుమ్మడిగా తోడి నిధిలో పోస్తే నిధి త్వరగా నిండుతుంది. ఆ సంస్థ అభ్యంతరం చెప్పిన రోజున దేనిని తీసివేయాలో తెలియక మొత్తం నిధినే మూసివేయవలసి వస్తుంది. సొంత పరిశీలనతో కష్టపడి రాసినవారి పంక్తులు కూడా దానితో పోతాయి. విమానాల మీద రంగులు వేసిన చిత్రకారుల హక్కుల విషయమూ ఇటువంటిదే. ప్రతి పంక్తికి ‘ఎవరు, ఎప్పుడు, దేని నుండి’ అన్న మూడు గుర్తులు ఉంటే తీసివేయవలసినవి మాత్రమే తీసివేయవచ్చు. కృషి చేసినవారి పేరూ నిలుస్తుంది. జీతం లేని ఈ శ్రమకు దక్కే ప్రతిఫలం ఆ పేరొక్కటే.

నిధిలో ఉన్న విమానం వాడుకరి కంప్యూటర్‌లో బొమ్మగా లేకపోతే ఏం చేయాలన్నది మరో సంగతి. పట్టికలో ‘ఏ20ఎన్’ అన్న రకం పేరు, సంస్థ పేరు మాత్రమే ఉంచి, బొమ్మను ఎంచుకునే పని ఎవరి కంప్యూటర్‌కు వారికి వదలడం మేలు. ఒకరి దగ్గర అదే విమానం ఉంటుంది, మరొకరి దగ్గర దాని అన్నదమ్ముడు ఉంటుంది. విమానం గుర్తింపు వేరు, రూపం వేరు.

8. పాత ఆకాశాలు

తేదీలతో కూడిన నమోదు అలవాటైతే నిధి వర్తమానానికే పరిమితం కానక్కరలేదు. నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపింది. 1953లో విమానయాన సంస్థల జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఎనిమిదేళ్ల ఆ ఆకాశాన్ని పునర్నిర్మించాలంటే పాత వార్తాపత్రికల ప్రకటనలు, ముద్రిత కాలపట్టికలు, గ్రంథాలయాలలో మిగిలిన కరపత్రాలు చూడాలి. కంప్యూటర్ పరిజ్ఞానం కంటే మూలాధారాలను వెదికే శిక్షణ అక్కడ ఎక్కువ అవసరం. తెలుగు, ఉర్దూ పత్రికలు రెండూ చదవగల పరిశోధకుడికి ఇందులో మంచి క్షేత్రముంది.

అన్నింటికంటే కష్టమైన పంక్తి 2008 మార్చి 22 రాత్రిది. ఆ సాయంత్రం బేగంపేటలో బయలుదేరి ఢిల్లీ వెళ్లిన విమానం మరునాడు హైదరాబాదుకు తిరిగి వస్తే దిగేది శంషాబాద్‌లో. ‘వీఓహెచ్‌వై’ దగ్గర మొదలైన గొలుసు ‘వీఓహెచ్ఎస్’ దగ్గర ముగుస్తుంది. చివరి గమ్యం తొలి స్థానమే కావాలన్న నియమం ఇక్కడ చెల్లదు. వారానికొకసారి ఆవృత్తమయ్యేదిగా రాస్తే ప్రతి శనివారం రాత్రి హైదరాబాదు తన విమానాశ్రయాన్ని మార్చుకుంటూ ఉంటుంది. అందుకని ఆ ఒక్క రాత్రి బయలుదేరిన విమానాలకు ఆవృత్తి లేని పంక్తులు రాయాలి. మొదటి గడిలో ఒక తేదీ, చివరి గడిలో దాని మరునాటి తేదీ. ఆ పంక్తికి ముందున్న గొలుసులన్నీ బేగంపేటలో ముగుస్తాయి. తరువాతివన్నీ శంషాబాద్‌లో మొదలవుతాయి.